ఇటాలియన్ సానెట్టా, షేక్‌స్పియర్ సానెట్టా: ఏ ఆలోచనకు ఏ రూపం నప్పుతుంది?

ఇంగ్లీషులో సానెట్ రాయాలనుకునేవారు సాధారణంగా అంత్యప్రాసల పట్టికను ముందు పెట్టుకుని, ఏది సులువుగా కనిపిస్తే ఆ రూపాన్ని ఎంచుకుంటారు. పద్నాలుగు పాదాలు అన్ని రూపాలకూ సమానమే గాని, ఆలోచన ఎక్కడ మలుపు తిరగాలన్న విషయంలో ఒక్కో రూపానికి ఒక్కో పట్టుదల ఉంది. ఆ పట్టుదలను గమనించకుండా ప్రాసలు మాత్రమే కుదుర్చుకున్న పద్యం, లెక్క సరిపోయినా, మధ్యలో ఎక్కడో చతికిలబడుతుంది. అందువల్ల ఈ వ్యాసంలో రూపాలను పోల్చేటప్పుడు ముందుగా మలుపు స్థానాన్నీ, తర్వాత ప్రాసల భారాన్నీ లెక్కలోకి తీసుకుంటున్నాను.

సానెట్ పుట్టినది ఇంగ్లండులో కాదు. 13వ శతాబ్దపు తొలి భాగంలో సిసిలీలో, చక్రవర్తి రెండవ ఫ్రెడరిక్ ఆస్థానంలో ఉన్న జాకొమొ ద లెంతీని చేతిలో అది రూపు దిద్దుకున్నదని సాహిత్య చరిత్రకారులు చెబుతారు. తర్వాతి శతాబ్దంలో పెట్రార్క్ దానికి ఎంత పేరు తెచ్చాడంటే, ఇటాలియన్ రూపం నేటికీ ఆయన పేరుతోనే చెలామణి అవుతోంది. 16వ శతాబ్దంలో థామస్ వయట్ ఆ పద్యాలను ఇంగ్లీషులోకి తెచ్చాడు. ఆయన కంటే చిన్నవాడైన సర్రే ప్రభువు హెన్రీ హోవార్డ్ వాటి ప్రాసల అమరికను ఇంగ్లీషుకు తగినట్టు సడలించాడు. వీరిద్దరూ మరణించిన తర్వాత, 1557లో రిచర్డ్ టాటెల్ అచ్చువేసిన సంకలనం ద్వారా ఆ పద్యాలు చదువరులకు అందాయి. మనం షేక్‌స్పియర్ సానెట్ అని పిలిచే రూపాన్ని షేక్‌స్పియర్ కనిపెట్టలేదు; సర్రే సిద్ధం చేసి ఉంచిన దానిలో ఆయన 154 పద్యాలు రాశాడు, అవి 1609లో అచ్చయ్యాయి.

రూపాల మధ్య ఎంపికకు ముందు, వాటన్నిటికీ సాధారణంగా పునాదిగా ఉండే ఛందస్సు గురించి కొంత వివరంగా చెప్పవలసి ఉంది, ఎందుకంటే తెలుగు చెవి ఉన్నవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే. అయాంబిక్ పెంటామీటర్ అంటే పాదానికి ఐదు గణాలు, ఒక్కో గణంలో ఊనిక (ఒత్తి పలకడం) లేని అక్షరం తర్వాత ఊనిక ఉన్న అక్షరం, మొత్తం పది అక్షరాలు. కాగితం మీద చూస్తే ఇది మన వ గణాన్ని ఐదుసార్లు వరుసగా పెట్టినట్టే ఉంటుంది. కాని మన గురులఘువులు అక్షరాన్ని పలకడానికి పట్టే కాలాన్ని బట్టి ఏర్పడతాయి. ఇంగ్లీషు గణం, పలికేటప్పుడు గొంతు ఏ అక్షరం మీద ఒత్తి పలుకుతుందన్న దాన్ని బట్టి ఏర్పడుతుంది. 'రికార్డ్' అన్న మాటను మనం తెలుగులో పలికినట్టు పలికితే రెండవ అక్షరమే గురువుగా వినిపిస్తుంది. ఇంగ్లీషులో అది నామవాచకమైతే ఊనిక మొదటి అక్షరం మీద, క్రియ అయితే రెండవ అక్షరం మీద పడుతుంది. 'హోటల్' అన్న మాటలో మనకు బలంగా వినిపించేది 'హో'. ఇంగ్లీషు ఊనిక రెండవ అక్షరానిది. కాబట్టి రెండు, అంతకంటే ఎక్కువ అక్షరాలున్న ప్రతి మాటకూ నిఘంటువులో ఊనిక గుర్తు చూసుకోవడం తొలి రోజుల్లో తప్పనిసరి. ఇది విసుగు పుట్టించే పనే అయినా, దీన్ని తప్పించుకున్నవారి సానెట్లు ఇంగ్లీషు చెవికి వచనంలా వినబడతాయి.

షేక్‌స్పియర్ 12వ సానెట్ మొదటి పాదం, 'వెన్ ఐ డూ కౌంట్ ద క్లాక్ దట్ టెల్స్ ద టైమ్', గడియారపు టిక్కుటిక్కులను పట్టుకున్నట్టు ఐదు ఊనికలతో తడబాటు లేకుండా నడుస్తుంది. అన్ని పాదాలూ అలాగే నడవాలని అనుకోవడం మాత్రం పొరపాటు. ఉత్పలమాలలో భ ర న భ భ ర వ అన్న వరుసలో ఒక్క గణం తప్పినా ఆ పద్యం ఉత్పలమాల కాకుండా పోతుంది. ఇంగ్లీషు ఛందస్సు అంత కఠినం కాదు, అలాగని ఇష్టారాజ్యమూ కాదు. పాదం మొదటి గణాన్ని తిరగేసి ఊనికను ముందుకు తేవచ్చు. జాన్ డన్ 'బ్యాటర్ మై హార్ట్' అని దేవుణ్ణి పిలిచే పద్యం అలాగే దెబ్బతో మొదలవుతుంది. పాదం చివర ఊనిక లేని పదకొండవ అక్షరాన్ని చేర్చవచ్చు. షేక్‌స్పియర్ 20వ సానెట్‌లో పద్నాలుగు పాదాలూ అలా ముగిసేవే. తిప్పిన గణాలు ఒక పాదంలో రెండు మించితే చెవి లయను పోగొట్టుకుంటుందని నా అనుభవం చెబుతున్నది, కాబట్టి తొలి ప్రయత్నాల్లో మార్పులను పాదం మొదటికీ, మధ్య విరామం తర్వాతి చోటికీ పరిమితం చేయడం మేలు.

పెంటామీటర్‌ను వదిలి మరో కొలత ఎంచుకోవచ్చునా అన్న ప్రశ్నకు చిన్న జవాబు చాలు. షేక్‌స్పియర్ 145వ సానెట్ పాదానికి నాలుగు గణాలతో ఉంది, ఫిలిప్ సిడ్నీ సానెట్ మాలికలో మొదటి పద్యం ఆరు గణాలతో ఉంది. నాలుగు గణాలు పాటలా పరుగెడతాయి, ఆరు గణాలు ఇంగ్లీషులో మధ్యకు విరిగి రెండు ముక్కలవుతాయి. రెండూ ముందు ఐదు మీద పట్టు వచ్చిన తర్వాత చేయవలసిన పనులు.

ఇక ప్రధానమైన ఎంపికకు వద్దాం. ప్రాసలను గుర్తించడానికి ఒకే ధ్వనితో ముగిసే పాదాలకు ఒకే అక్షరం ఇద్దాం.

ఇటాలియన్ రూపంలో మొదటి ఎనిమిది పాదాలు కఖఖక కఖఖక అని నడుస్తాయి, మిగిలిన ఆరు గఘచ గఘచ అని గాని గఘగఘగఘ అని గాని ఉంటాయి. ఎనిమిదింటి భాగాన్ని అష్టకం, ఆరింటి భాగాన్ని షట్కం అందాం. అష్టకం ముగిసి షట్కం మొదలయ్యే తొమ్మిదవ పాదం దగ్గర ఆలోచన దిశ మారుతుంది. దీన్నే వోల్టా అంటారు. అష్టకంలోని ప్రాస లోపలికి ముడుచుకుని ఉంటుంది: ఖఖ అన్న జంటను రెండు క లు రెండు వైపులా మూసివేస్తాయి. అందువల్ల అక్కడ చెప్పిన విషయం ముందుకు పరుగెత్తకుండా, ఒకే చోట తిరుగుతూ, ఒత్తిడిని పెంచుకుంటూ ఉంటుంది. షట్కంలో ప్రాస తెరుచుకుంటుంది, ఊపిరి వదిలినట్టు ఉంటుంది. చాప్‌మన్ అనువదించిన హోమర్‌ను చదివిన అనుభవం మీద కీట్స్ 1816లో రాసిన సానెట్ దీనికి నేను చూసినంతలో అత్యుత్తమ ఉదాహరణ: ఎనిమిది పాదాలలో తాను తిరిగిన కావ్యరాజ్యాల గురించి చెప్పి, తొమ్మిదవ పాదంలో 'దెన్ ఫెల్ట్ ఐ' అనగానే ఆకాశంలో కొత్త గ్రహాన్ని చూసిన ఖగోళ పరిశీలకుడి దగ్గరికి వెళతాడు. స్వేచ్ఛాప్రతిమ పీఠం దగ్గర 1903లో కంచు ఫలకం మీద వెలసిన ఎమ్మా లాజరస్ పద్యం, 1883లో రాసినది, ఇదే రూపం. పాత ప్రపంచపు మహావిగ్రహంతో పోలిక, కొత్త విగ్రహ వర్ణన అష్టకంలో ముగిసి, తొమ్మిదవ పాదంలో ఆ విగ్రహమే నోరు తెరిచి మాట్లాడుతుంది.

షేక్‌స్పియర్ రూపం కఖకఖ గఘగఘ చఛచఛ జజ. నాలుగేసి పాదాల మూడు ఖండాలు, చివర ఒక ద్విపద. మూడు ఖండాలు సమాన నిడివి కలవి, సమాన నడక కలవి కావడం వల్ల, ఒకే విషయాన్ని మూడు కోణాల నుంచి చూపడానికి అవి అచ్చంగా సరిపోతాయి. 73వ సానెట్‌లో వృద్ధాప్యం మొదటి ఖండంలో ఆకురాలిన కొమ్మ, రెండవ దానిలో మునిమాపు, మూడవ దానిలో బూడిదలో ఆరుతున్న నిప్పు. సంవత్సరం నుంచి రోజుకూ, రోజు నుంచి కొద్దిపాటి వేడికీ కాలం కుంచించుకుపోతుంది. తెలుగు పాఠకులకు దీన్ని అర్థం చేసుకోవడానికి సీసపద్యం దగ్గరి దారి. సీసంలో నాలుగు పాదాలు ఒకే తూకంలో, తరచు ఒకే వాక్య నిర్మాణంలో నడిచి, కింద వచ్చే ఆటవెలది గాని తేటగీతి గాని వాటిని ఒక చోటికి చేరుస్తుంది. ఒక తేడాను మాత్రం మరువరాదు: గీతికి నాలుగు పాదాల చోటు ఉంది, ఇంగ్లీషు ద్విపదకు ఇరవై అక్షరాలే. అంత ఇరుకులో ముగించవలసి రావడమే ఈ రూపానికి బలమూ, బలహీనతా.

బలహీనత గురించి ముందు చెబుతాను, ఎందుకంటే కొత్తవారి షేక్‌స్పియర్ సానెట్లలో నూటికి తొంభై పాళ్లు చెడేది అక్కడే. పన్నెండు పాదాలలో చెప్పినదాన్నే ద్విపదలో మళ్లీ చెప్పి, ప్రాస కలిసిన జోరులో అది గొప్ప ముగింపు అని భ్రమపడటం చాలా తేలిక. షేక్‌స్పియర్ ద్విపదలు కూడా అన్నీ ఒకే స్థాయిలో లేవు. మంచివి మాత్రం అంతవరకూ చెప్పినదాన్ని ఎదిరిస్తాయి. 130వ సానెట్ పన్నెండు పాదాల పాటు ప్రేయసి కళ్లు సూర్యుడి వంటివి కావని, పెదవులు పగడమంత ఎర్రన కావని, ఊపిరి పరిమళం కాదని చెబుతూ వచ్చి, 'అండ్ యెట్' అన్న రెండు మాటలతో అంతటినీ తలకిందులు చేస్తుంది. 66వ సానెట్ ఇంకా సాహసమైనది: మూడవ పాదం నుంచి పన్నెండవ పాదం దాకా పది పాదాలు 'అండ్' అన్న మాటతోనే మొదలై లోకంలోని అన్యాయాలను ఏకరువు పెడతాయి, మలుపు పద్నాలుగవ పాదానికి గాని రాదు. ఏకరువు పెట్టవలసిన విషయం ఉన్నవారికి ఇటాలియన్ రూపం పనికిరాదు. తొమ్మిదవ పాదంలో తలుపు తెరవమని అది తొందరపెడుతుంది.

ఇక ప్రాసల భారం. ఇటాలియన్ అష్టకంలో ఒక్కో ధ్వనికి నాలుగు మాటలు కావాలి. ఇటాలియన్ భాషలో మాటలు ఎక్కువగా అచ్చులతో ముగుస్తాయి కాబట్టి ప్రాసలు పుష్కలం. ఇంగ్లీషులో ఆ సౌలభ్యం లేదు. సర్రే రూపంలో ఏడు ధ్వనులు, ఒక్కోదానికి రెండే మాటలు, అందువల్ల భారం సగానికి సగం తగ్గుతుంది. ఎంపికకు ముందు మీ పద్యానికి ప్రాణమైన మాటలను ఒక కాగితం మీద రాసుకుని, పాదాంతంలో పెట్టదలచుకున్న వాటికి ఎన్ని ప్రాసలున్నాయో చూడండి. 'నైట్', 'డే' వంటి మాటలకు కొదవ లేదు. 'లవ్' అన్న మాటకు అబవ్, డవ్, గ్లవ్, షవ్ అన్నవి చెప్పుకున్నాక చేతిలో దాదాపు ఏమీ మిగలదు; ఇటాలియన్ అష్టకంలో దాన్ని పాదాంతంలో పెడితే పావురమో చేతితొడుగో పిలవకుండానే పద్యంలోకి వస్తుంది. 'డెత్' అన్న మాటకు నిత్యవ్యవహారంలో 'బ్రెత్' ఒక్కటే దిక్కు. షేక్‌స్పియర్ రూపం ఒక్కటే దాన్ని ఇబ్బంది లేకుండా మోయగలదు. కంటికి కలిసి చెవికి కలవని మాటల విషయంలోనూ జాగ్రత్త అవసరం. 116వ సానెట్ ద్విపదలో 'ప్రూవ్డ్', 'లవ్డ్' అన్నవి ఆ కాలపు ఉచ్చారణలో కలిసేవి. నేడు ఆ రెంటినీ ప్రాసగా వాడితే పూర్వకవుల అనుకరణగా కనిపిస్తుంది.

స్పెన్సర్ రూపం గురించి ఎక్కువ చెప్పవలసిన పని లేదు. కఖకఖ ఖగఖగ గఘగఘ చచ అన్న అమరికలో ఒక ఖండం చివరి ప్రాస తర్వాతి ఖండం మొదటి ప్రాస అవుతుంది. 1595లో వచ్చిన ఆయన సానెట్లలో 75వది, ఇసుక మీద ప్రేయసి పేరు రాస్తే అలలు చెరిపివేసిన పద్యం, ఈ గొలుసుకు మంచి ఉదాహరణ: మొదటి ఖండంలో ప్రయత్నం, రెండవదానిలో ఆమె ఆక్షేపణ, మూడవదానిలో కవి జవాబు, ఒకదాని కొసను ఒకటి అందుకుంటూ సాగుతాయి. సంభాషణకూ, అంచెలంచెల వాదానికీ ఇది బాగుంటుంది. కాని రెండు ధ్వనులకు నాలుగేసి మాటలు కావాలి కనుక కష్టం ఇటాలియన్ రూపానికి దగ్గర్లోనే ఉంటుంది, పైగా ద్విపద ప్రమాదం అలాగే ఉంటుంది. తర్వాతి కవులు దీన్ని అరుదుగా వాడటంలో ఆశ్చర్యం లేదు.

మిల్టన్ మార్గం వేరు. ఆయన ఇటాలియన్ ప్రాసలనే ఉంచి, మలుపును గోడలా నిలబెట్టడం మానేశాడు. అంధత్వం గురించిన సానెట్‌లో ఫిర్యాదు ఎనిమిదవ పాదం మధ్యదాకా ఒకే వాక్యంగా సాగి, 'బట్ పేషన్స్' అంటూ ఓర్పు అదే పాదం సగంలో అడ్డుపడుతుంది. సహనం వచ్చి, అసహనంతో మాట్లాడుతున్నవాణ్ణి తొమ్మిదవ పాదం దాకా ఆగనివ్వకుండా నోరు మూయిస్తుంది. పాదం దాటి వాక్యాన్ని నడపడంలో నేర్పు ఉన్నవారికి ఇంతకంటే గంభీరమైన సానెట్ రూపం లేదు. నేర్పు లేనివారి చేతిలో ప్రాసలు వినిపించకుండా పోయి, గుర్తులేని చోట్ల పాదాలు విరిగినట్టు ఉంటుంది.

ఇన్ని చెప్పాక, తొలి సానెట్ రాసేవారికి నేను సూచించేది ఈ రెండు ప్రధాన రూపాలలో దేన్నీ శుద్ధంగా పట్టుకోకుండా, వాటి మధ్యనున్న మేలైన దారిని. ప్రాసలు షేక్‌స్పియర్‌వి, మలుపు పెట్రార్క్‌ది. ఈ కలయిక కొత్తది కాదు, షేక్‌స్పియరే దాన్ని వాడాడు: 18వ సానెట్‌లో వేసవి లోపాలు ఎనిమిది పాదాలలో చెప్పి, తొమ్మిదవదానిని 'బట్' అంటూ మొదలుపెడతాడు. 1919లో క్లాడ్ మెకే రాసిన ప్రతిఘటన సానెట్ కూడా సరిగ్గా తొమ్మిదవ పాదంలోనే తోటివారిని నేరుగా పిలుస్తుంది. ఇంకొక అడుగు వేసి విల్ఫ్రెడ్ ఓవెన్ 1917లో, యుద్ధంలో పశువుల్లా చనిపోతున్న యువకుల గురించి రాసిన పద్యంలో కఖకఖ గఘగఘ చఛఛచ జజ అన్న అమరిక చేశాడు. మొదటి ఎనిమిది పాదాలలో ఫిరంగుల మోత, తర్వాతి ఆరింటిలో ఇంటి దగ్గర మిగిలినవారి మౌనం. మూడవ ఖండంలో ప్రాస తెరుచుకోవడానికి బదులు ముడుచుకోవడం వల్ల అక్కడికి రాగానే గొంతు తగ్గుతుంది. ఒక్కో ధ్వనికి రెండే మాటలు చాలు, తొమ్మిదవ పాదంలో గట్టి మలుపు దొరుకుతుంది, ద్విపద ఒంటరిగా భారం మోయనవసరం లేదు. తెలుగు నుంచి ఇంగ్లీషు ఛందస్సులోకి వెళ్లేవారికి ఇంతకంటే ఉదారమైన అమరికను నేను చూడలేదు.

మన దేశంలో ఇంగ్లీషు సానెట్ రాసిన తొలి తరం కవి హెన్రీ డెరోజియో, 1828లో మాతృదేశాన్ని సంబోధించిన పద్యంలో, ఇలాంటి స్వేచ్ఛనే తీసుకున్నాడు. దాని అమరిక కఖకఖకఖ గగ ఘచఘచ గగ. అష్టకం చివర ఒక ద్విపద, పద్యం చివర అదే ధ్వనితో మరొక ద్విపద ఉండటం వల్ల, దేశం పోగొట్టుకున్న వైభవం మీద విలాపం ఒకసారి ముగిసి, కవి చేయదలచుకున్న పని రెండవసారి ముగుస్తుంది. ఇది ఏ పాఠ్యపుస్తకపు రూపానికీ అతకదు, అయినా మలుపు తొమ్మిదవ పాదంలో ఖచ్చితంగా ఉంది. పరీక్ష కోసం సానెట్ రూపాన్ని గుర్తించవలసిన విద్యార్థులు ఇటువంటివి ఎదురైతే ప్రాసల పట్టికలో దొరకలేదని కంగారుపడనవసరం లేదు. షెల్లీ 1818లో ప్రచురించిన ఒజిమాండియస్ పద్యం కఖకఖకగఘగచఘచఛచఛ అని సాగుతుంది. దానికి ఒక పేరు వెతకడం కంటే, ప్రాసలు ఒక భాగం నుంచి మరొక భాగంలోకి జారిపోవడం శిథిలమైన విగ్రహం కథకు ఎలా సరిపడిందో రాయడం మంచి జవాబు అవుతుంది.

పద్నాలుగు పాదాలను దాటిన, తగ్గించిన ప్రయోగాలూ ఉన్నాయి. జార్జ్ మెరెడిత్ 1862లో విఫలమైన దాంపత్యాన్ని పదహారు పాదాల పద్యాలుగా రాశాడు. హాప్కిన్స్ సానెట్‌ను నాలుగింట మూడు వంతులకు కుదించి పదిన్నర పాదాలు చేశాడు. వాటిని చదవండి, ఇప్పుడే ఎంచుకోకండి.

ఆచరణలో ఎంపిక ఇలా చేయవచ్చు. చెప్పదలచుకున్నది తెలుగులోనే నాలుగైదు వచన వాక్యాలుగా రాసుకుని, అందులో 'కాని', 'అయినా', 'అందుకే' వంటి మాట ఎక్కడ వచ్చిందో చూడండి. అది సగం దాటిన కొద్దిసేపటికి వచ్చి, దాని తర్వాత చెప్పవలసినది ఇంకా చాలా ఉంటే ఇటాలియన్ మలుపు కావాలి. చివరిదాకా రాకుండా, ఒకే ఒక్క వాక్యంతో అంతా మారిపోతే షేక్‌స్పియర్ ద్విపద కావాలి. అలాంటి మాట అసలు రాకపోతే విషయం ఇంకా సానెట్‌కు సిద్ధం కాలేదు. అది గేయంగానో వచన కవితగానో బతకవచ్చు.

రాసిన తర్వాత ద్విపదను చేతితో మూసి, పన్నెండు పాదాలు మాత్రం పైకి చదవండి. పద్యం అక్కడికే పూర్తయినట్టు అనిపిస్తే ద్విపద అదనం అన్నమాట. దాన్ని తీసివేసి, చివరి ఖండంలోని విషయాన్ని ఆరు పాదాలకు విస్తరించి, గఘచ గఘచ అన్న షట్కంగా మళ్లీ రాయండి. మొదటి ఎనిమిది పాదాలు కఖకఖ గఘగఘ అనే ఉంటే, షట్కం ప్రాసలకు అప్పటికే వాడిన ధ్వనులు కాకుండా కొత్తవి మూడు ఎంచుకోవాలి. పూర్వపు రెండు ఖండాలను ముట్టుకోనవసరం లేదు.